శఠగోపంలో గోప్యం లేదు

సందేహం (చంద్రగిరి నుంచి ఒక పాఠకుడు):

అయ్యా, మా వీధిలో చీటీ పాట నడిపే ఆయన పోయిన నెల రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసి పోయినాడు. నాకూ మా బావమరిదికీ కలిపి బాగానే శఠగోపం పెట్టినాడు. ఆ బాధలో టీ అంగడి దగ్గర కూర్చుని మాట్లాడుకుంటా ఉంటే గొడవ ఈ మాట మీదికి మళ్ళింది. మా బావమరిదేమో శఠ అంటే మోసగాడు, అందుకే మోసానికి ఆ పేరు వచ్చింది అంటాడు. అంగడాయన ఫోన్ తీసి ఒక మెసేజి చూపించినాడు. అది శఠగోపం కాదంట, శఠగోప్యమంట, అంటే అత్యంత రహస్యమంట, తల మీద పెట్టినప్పుడు మన కోరిక ఎవరికీ వినపడకుండా మనసులో చెప్పుకోవాలంట. ఏది రైటు? దేవుడి వస్తువు పేరు పెట్టి మోసం గురించి మాట్లాడితే తప్పా? పంగనామం, ఎగనామం, తిరుపతి క్షవరం, ఇట్లాంటివన్నీ మా పక్క మాటలే ఎందుకైనాయి? వీలైతే అలిపిరికి ఆ పేరెట్లా వచ్చిందో కూడా చెప్పండి.

సమాధానం:

చీటీ డబ్బు సంగతిలో నేను చేయగలిగిందేమీ లేదు గానీ, మాట సంగతి తేల్చవచ్చు. ముందు ఆ మెసేజి. అది నాకూ వచ్చింది, ఒక మేనకోడలు పంపింది, వారం తిరక్కుండా నా దగ్గర డిగ్రీ చదివిన కుర్రాడొకడు పంపాడు, వాడు తెలుగు ఎమ్మే కూడా చేశాడు, అదీ నా బాధ. శఠ అనే మాటకు ‘అత్యంత’ అనే అర్థం సంస్కృతంలోనూ లేదు, తెలుగులోనూ లేదు. ఎవరో గోపాన్ని గోప్యం చేసుకుని, మిగిలిన శఠకు ఏదో ఒక అర్థం కావాలి కాబట్టి అత్యంత అని తగిలించారు. కోరిక మనసులో చెప్పుకోండి, మంచిదే, కానీ ఆ పని చేయమని ఈ మాట చెప్పడం లేదు.

మీ బావమరిది చెప్పింది సగం నిజం. శఠుడంటే సంస్కృతంలో మోసగాడే. పైకి తీపి మాటలు, లోపల వేరే లెక్క. అలంకారశాస్త్రంలో నాయకులను నాలుగు రకాలుగా చెబుతారు, అనుకూలుడు, దక్షిణుడు, ధృష్టుడు, శఠుడు అని. ఈ నాలుగోవాడు ఎదురుగా ఉన్న నాయికతో ఎంతో ప్రేమగా ఉంటూ మనసు మాత్రం ఇంకో ఇంట్లో పెట్టుకునే రకం. ‘శఠే శాఠ్యం సమాచరేత్’ అని, మోసగాడితో మోసంగానే ఉండమని సామెత కూడా ఉంది (మీ చీటీ ఆయన దొరికితే పనికొస్తుంది). కాబట్టి మాట మొదటి సగం ఆయన చెప్పినదే. తప్పిందంతా రెండో సగంలో. గోపం అంటే ఏమిటి? గోపుడంటే గోవులను కాచేవాడు అనుకుంటే శఠగోపుడు మోసగాళ్ళను కాచే గొల్లవాడు అవుతాడు. గుళ్ళో పూజారి అలాంటివాడిని తెచ్చి మన నెత్తిన ఎందుకు పెడతాడు?

అక్కడ ఉన్నది గోపం కాదు, కోపం. మనకు వచ్చే కోపమే. అసలు మాట శఠకోపం.

శఠకోపుడు అనేది నమ్మాళ్వారు అనే వైష్ణవ భక్తకవి పేరు. తమిళదేశంలో తామ్రపర్ణి ఒడ్డున, ఇప్పుడు ఆళ్వార్ తిరునగరి అంటున్న ఊళ్ళో పుట్టాడాయన. వైష్ణవ సంప్రదాయం చెప్పే కథ ఇది. బిడ్డ భూమ్మీద పడగానే శఠం అనే ఒక వాయువు వచ్చి కమ్ముకుంటుందట, దాంతో బిడ్డకు అంతకుముందు తెలిసిందంతా మరుపున పడుతుందట. పుట్టగానే ఏడవడం అందుకేనట. ఈ బిడ్డ మాత్రం ఏడవలేదు, ఆ వాయువు దగ్గరికి వస్తే హుంకరించి కోప్పడ్డాడు, అది పారిపోయింది. శఠం మీద కోప్పడ్డవాడు కాబట్టి శఠకోపుడు, దానికి శత్రువు కాబట్టి శఠారి. పాలు తాగక, మాట్లాడక, ఒక చింతచెట్టు తొర్రలో పదహారేళ్ళు కూర్చున్నాడని, తరువాత నోరు విప్పితే వచ్చింది తిరువాయ్‌మొళి అని చెబుతారు. 1102 పాశురాలు, అంటే తమిళ పద్యాలు, అందులో. తిరుమల వేంకటేశ్వరుడి మీద కూడా ఉన్నాయి. వాయువు కథ నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం, పేరు కట్టిన తీరు మాత్రం స్పష్టంగా ఉంది. శఠుడి మీద కోపం. అంటే మోసగాడి మీద కోప్పడ్డవాడి పేరును మనం మోసానికి వాడుతున్నాం. మీ బావమరిదికి ఈ సంగతి చెప్పండి, ఆయన వాదన సరిగ్గా తలకిందులయింది.

మరి కోపం గోపం ఎలా అయింది? ఇది నాకు ఇష్టమైన భాగం, కాస్త ఓపిక పట్టండి. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. మాట మొదట్లో ఉంటే దాన్ని క అంటారు, రెండు అచ్చుల మధ్య పడితే గ అంటారు. అందుకే మన ఆకాశం వాళ్ళ నోట ఆగాయం, లోకం ఉలగం, నాయకుడు నాయగన్. ట వర్గానికీ అంతే, ఒక్క అక్షరం, మధ్యలో పడితే డ పలుకుతుంది. ఆ లెక్కన శఠకోపన్ తమిళ నోట్లో సడగోపన్ అవుతాడు, ఆ పేరుగల మనుషులు తిరుత్తణిలోనూ వేలూరులోనూ మీకు ఎంతమందైనా కనబడతారు. మన ముసలివాళ్ళు ‘శడగోపం పెట్టించుకోనాయనా’ అంటారు చూడండి, చదువుకున్న పిల్లలు నవ్వుతారు గానీ అందులో చదువు లేకపోవడం ఏమీ లేదు, అది తమిళ అర్చకుల నోటినుంచి నేరుగా విన్న రూపం. తరువాత సంస్కృతం తెలిసినవాళ్ళెవరో శడను దిద్ది శఠ చేశారు, గోపం తెలుగు చెవికి బాగానే ఉంది కాబట్టి (గోపాలుడు, గోపిక అలవాటే కదా) దాని జోలికి పోలేదు. అలా సగం దిద్ది సగం వదిలేసిన మాట శఠగోపం. పూర్తిగా దిద్దిన రూపం కావాలంటే అహోబిలం వెళ్ళండి, అక్కడి మఠం పీఠాధిపతుల బిరుదులో ఇప్పటికీ శఠకోప అనే ఉంటుంది. మన తాళ్ళపాక అన్నమయ్యకు గురువని చెప్పే ఆదివణ్ శఠకోప యతి ఆ మఠానికి మొదటి జీయరే.

సరే, మనిషి పేరు గిన్నెకు ఎందుకు వచ్చింది? ఆ గిన్నె బోర్లించి ఉంటుంది, పైన రెండు పాదాలు ఉంటాయి, ఈసారి పెట్టించుకునే ముందు ఒక్క క్షణం చూడండి. అవి విష్ణుపాదాలు. భక్తుల్లో అందరికన్నా ఎక్కువగా ఆ పాదాలను అంటిపెట్టుకున్నవాడు నమ్మాళ్వారు అని సంప్రదాయం, కాబట్టి ఆ పాదాలకు ఆయన పేరే పెట్టారు. ఇది నా ఊహ కాదనడానికి ఇంకో సాక్ష్యం చూపిస్తాను. రామానుజుల సన్నిధిలో ఇదే వస్తువును ముదలియాండాన్ అంటారు. ముదలియాండాన్ రామానుజుల మేనల్లుడు, శిష్యుడు. దేవుడి పాదాలకు భక్తుడి పేరు, గురువు పాదాలకు శిష్యుడి పేరు. ఈ పద్ధతిలో రహస్యానికి, గోప్యానికి చోటెక్కడుంది?

రాసేటప్పుడు శఠగోపం అనే రాయండి, అది వాడుకలో నిలబడిపోయింది. శఠారి అన్నా సరే, కొండ మీద ‘తీర్థం, శఠారి’ అనే అంటారు. మాట్లాడేటప్పుడు శడగోపం అన్నా నేను తప్పు పట్టను. శఠగోప్యం మాత్రం తప్పు.

ఇప్పుడు అసలు చిక్కు, మోసం సంగతి. చిన్నప్పుడు మా నాన్న వెంట గోవిందరాజస్వామి గుడికి వెళితే నాకు తీర్థం కన్నా శఠగోపం మీద ఆశ. కిరీటం లాంటిది కదా, నా తల మీద ఉంచేస్తారేమో అనుకునేవాణ్ణి. తల వంచుతాం, చల్లగా, బరువుగా ఏదో తగులుతుంది, తల ఎత్తేలోపల అది పక్కవాడి తల మీద ఉంటుంది. నెత్తిన ఏమీ మిగలదు. పళ్ళెంలో వేసిన పావలా కూడా మిగలదు. ‘వాడు శఠగోపం పెట్టాడు’ అనడంలో ఉన్న వెటకారం ఇక్కడే పుట్టిందని నా నమ్మకం. ఏదో పెడుతున్నట్టు తల వంచమన్నాడు, తీరా చూస్తే ఏమీ లేదు. శఠ అంటే మోసమని తెలిసిన పండితులకు ఆ చమత్కారం ఇంకాస్త రుచించి ఉంటుంది, అది కాదనను. కానీ మాట బయలుదేరింది గుడి గడప దగ్గర, సంస్కృత నిఘంటువులో కాదు.

ఇంకో విషయం గమనించారా, తెలుగువాడు మోసపోయేదంతా మెడ పైభాగంలోనే. నెత్తిన శఠగోపం, కుచ్చుటోపీ. నుదుటి మీద పంగనామం. చెవిలో పువ్వు. కళ్ళకు గంతలు, కళ్ళల్లో దుమ్ము. నోట్లో మన్ను. ఇవేవీ చాలకపోతే మొత్తం తలకు గుండు. జేబు ఖాళీ అయినా దెబ్బ మాత్రం తలకే తగిలిందని చెప్పుకుంటాం. బహుశా పోయిన డబ్బుకన్నా తెలివి పోయిందన్న సిగ్గు ఎక్కువ కాబట్టేమో.

ఇక నామం. నామం అంటే పేరు, ఇందులో సందేహం లేదు. పేరు అనే మాట నుదుటి మీద గీతకు ఎలా వచ్చింది? వైష్ణవులు ఒంటి మీద పన్నెండు చోట్ల ఊర్ధ్వపుండ్రాలు పెట్టుకుంటారు, నుదురు, పొట్ట, రొమ్ము, గొంతు, ఇలా. ఒక్కోటి పెట్టుకుంటూ కేశవ, నారాయణ, మాధవ అని విష్ణువు పన్నెండు పేర్లలో ఒక్కో పేరు చెబుతారు. పేరు చెబుతూ గీసే గీత కాబట్టి గీతే పేరయింది. పుండ్రం అనే మాట పుస్తకాల్లో ఉండిపోయింది, జనం నోట నామం నిలిచింది. పంగ అంటే రెండుగా చీలినది, చెట్టుకొమ్మ చీలిన చోటును పంగ అంటాం, కాళ్ళ మధ్య చోటునూ పంగే అంటాం. అలా చీలిన నామం పంగనామం. ఇది మోసానికి ఎందుకు గుర్తయిందంటే నాకు తోచేది ఒకటే. నుదుటి మీది నామం ఊరందరికీ కనబడుతుంది, అద్దం లేకపోతే పెట్టించుకున్నవాడికి తప్ప. మీ చీటీ సంగతి కూడా వీధిలో మీకన్నా ముందు నలుగురికి తెలిసే ఉంటుంది. తమిళంలో కూడా నామం పోడుదల్ అంటే మోసం చేయడమే, పట్టైనామం అని ఇంకా గట్టిగా కూడా అంటారు. కాబట్టి ఈ వెటకారం మన ఒక్కరిదే అనుకోవద్దు, రెండు భాషలవాళ్ళూ కలిసి కొండ కింద కూర్చుని కూడబెట్టుకున్న ఆస్తి.

ఎగనామం ఇంకా తమాషా అయినది. ఊర్ధ్వం అంటే పైకి, ఎగ అన్నా పైకే, ఎగబాకడం, ఎగరడం అంటాం కదా. అంటే ఊర్ధ్వపుండ్రాన్ని ఎవరో తెలుగులో ఎగనామం అని ఉంటారనిపిస్తుంది. అయితే మనకు ఎగ్గొట్టడం, ఎగవేయడం కూడా ఉన్నాయి, అప్పు ఎగవేత, బడి ఎగ్గొట్టడం. ఆ రెండు ఎగలు ఒకదానిమీద ఒకటి పడి, నామం పెట్టడం అనే వెటకారం ముందే సిద్ధంగా ఉంది కాబట్టి, క్లాసుకు ఎగనామం, బాకీకి ఎగనామం పుట్టాయి. అందుకే పంగనామానికీ ఎగనామానికీ వాడుకలో తేడా ఉంది చూడండి. పంగనామం మనిషికి పెడతారు, ఎగనామం పనికో బాకీకో పెడతారు. మీ చీటీ ఆయన మీకు పంగనామం పెట్టాడు, చీటీకి ఎగనామం పెట్టాడు. రెండూ సరైన ప్రయోగాలే, దురదృష్టవశాత్తు.

ఇవన్నీ మన పక్కనే ఎందుకు అన్నారు. కొండ ఇక్కడ ఉంది కాబట్టి. అంతకన్నా ముఖ్యంగా, కొండ మీద రెండు భాషలు కలుస్తాయి కాబట్టి. 1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి కూడా మన పాత చిత్తూరు జిల్లాదే. గుడిలో వాడే మాటలు చాలావరకు తమిళం, వాడే జనంలో చాలామంది తెలుగువాళ్ళు, వినబడింది వినబడినట్టు మనకు తెలిసిన మాటలోకి ఒంచుకున్నాం. నామం పెట్టుకునే తెల్లమట్టిని తిరుమణి అంటాం, మణి అనగానే ఏదో రత్నం అనిపిస్తుంది, కానీ అది తమిళ తిరుమణ్, మణ్ అంటే మన్ను, అంతే, పవిత్రమైన మన్ను. తోమాల సేవలో తోమడం ఏమీ లేదు, తోళ్ అంటే భుజం, మాలై అంటే మాల, స్వామి భుజాల మీదినుంచి వేసే మాల అని చెబుతారు. గురువారం జరిగే తిరుప్పావడ మాట విని మా క్లాసులో ఆడపిల్లలు ముఖాలు చూసుకునేవాళ్ళు, పావడ అంటే మనకు లోపల కట్టుకునేది కదా. తమిళంలో పావాడై అంటే పరిచే గుడ్డ కూడా, స్వామి ఎదుట గుడ్డ పరిచి దాని మీద పులిహోర రాశి పోసేవారు కాబట్టి ఆ పేరు. తెలియని మాటను తెలిసిన మాటలోకి ఒంచుకోవడం అందరూ చేసేదే. తాళంచెవిలో చెవి కూడా అలా వచ్చిందేనంటారు, పోర్చుగీసువాళ్ళు చావె అన్నారు, హిందీలో చాబీ అయింది, తమిళంలో సావి అయింది, మనం ఏకంగా చెవి చేసేశాం. గోప్యం కూడా ఆ జాతిదే. తేడా ఏమిటంటే చెవిని జనం కొన్ని తరాలపాటు వాడి వాడి ఒంచుకున్నారు, గోప్యాన్ని ఎవరో ఒకరు కూర్చుని టైపు చేశారు.

అంతెందుకు, తిరుపతి అనే మాట చూడండి. శ్రీపతి లాంటిది అనుకుంటాం, లక్ష్మికి పతి. తమిళంలో పతి అంటే ఊరు, నివాసం అనే అర్థం ఉంది, తిరుప్పతి అంటే పుణ్యస్థలం, ఏ విష్ణుక్షేత్రాన్నైనా అలా అనవచ్చు. తెలుగులో కూడా ‘నూట ఎనిమిది తిరుపతులు’ అంటాం కదా, నూట ఎనిమిదిమంది పతులని కాదు దాని అర్థం, నూట ఎనిమిది క్షేత్రాలని. అన్ని క్షేత్రాలకూ చెందిన మాటను ఒక్క ఊరు సొంతం చేసుకుంది.

దేవుడి వస్తువు పేరు పెట్టి మోసం గురించి అంటే తప్పా అన్నారు. తీర్థకట్ట వీధిలో పుట్టి పెరిగినవాణ్ణి, మా ఇంటి చుట్టూ ఉన్న ఆచార్యులవాళ్ళే పొద్దున సన్నిధిలో శఠారి పట్టుకుని, సాయంత్రం అరుగు మీద కూర్చుని ‘బియ్యం అంగడివాడు శఠగోపం పెట్టాడయ్యా’ అనడం విన్నాను. వాళ్ళకు లేని పట్టింపు మనకెందుకు? రోజూ చేతిలో ఉండే వస్తువు మీదే మాట పుడుతుంది. ఎవరి భక్తినైనా కించపరచడానికి వాడితే అది వేరే సంగతి, అప్పుడు తప్పు మాటది కాదు.

అన్నట్టు, మీరు అడగలేదు గానీ చీటీ సంగతి. హిందీ చిట్ఠీ ఇంగ్లీషువాళ్ళ నోట చిట్ అయింది, ఆ చిట్ ఫండ్‌ను వెంటబెట్టుకుని మళ్ళీ మన దగ్గరికే వచ్చింది, పాత చీటీ పక్కనే బోర్డు కట్టుకుని కూర్చుంది. పోయిన మాట అలా తిరిగొచ్చింది. డబ్బు సంగతి మీకు తెలిసిందే.

మిగిలింది తిరుపతి క్షవరం. సగంలో వదిలేసిన పనిని అలా అంటారు. మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన జనం ఎక్కువ, మంగళ్ళు తక్కువ. వచ్చినవాడు ఇంకో మంగలి దగ్గరికి పోకుండా ముందు వాడి తల మీద నాలుగు గీతలు గీకి కూర్చోబెట్టేవారట, తరువాత ఇంకొకడికి నాలుగు, మరొకడికి నాలుగు. సగం గీకిన తలతో ఎక్కడికి పోతాడు, అక్కడే కూర్చుంటాడు. ఇప్పుడు కల్యాణకట్టలో టోకెన్లు, లైన్లు వచ్చాక ఆ అవస్థ లేదు, మాట మాత్రం మన పంచాయతీ పనుల పుణ్యమా అని పచ్చగా ఉంది. (కల్యాణకట్ట అనడం కూడా ముచ్చటే, క్షవరం అనే మాట గుడి దగ్గర ఎందుకని కల్యాణం అన్నారు, దీపం ఆరిపోయింది అనకుండా కొండెక్కింది అన్నట్టు.) ఠను దిద్ది గను వదిలేసిన శఠగోపం కూడా నా దృష్టిలో తిరుపతి క్షవరమే.

అలిపిరి గురించి అడిగారు. అడిప్పడి, అంటే కొండకు మొదటి మెట్టు, అందులోంచి వచ్చిందని ఒక మాట. అడిప్పుళి, అంటే కొండ అడుగున ఉన్న చింతచెట్టు అని ఇంకో మాట, దాని వెనక తిరుమలనంబి దగ్గర రామానుజులు రామాయణం విన్న కథ ఉంది. అలీ అనేవాడు ఇక్కడిదాకా వచ్చి వెనక్కి తిరిగాడని, అలీ ఫిరే అని, మూడోది కూడా ఉంది, అది కూడా మీ అంగడాయన ఫోన్‌లో ఉండే ఉంటుంది. ఏది నిలబడుతుందో, ఏది పడిపోతుందో చెప్పాలంటే డకారం లకారం ఎలా అయిందో దగ్గర మొదలుపెట్టాలి, దానికి ఇంకో ఉత్తరం పడుతుంది. అందాకా మీరు కూడా సగం గీకిన తలతో కాస్త కూర్చోవాలి.